కట్టంగూర్‌లో గడ్డి కాలుతోంది... అమ్మితే గిట్టుబాటేనా?

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కితే చౌటుప్పల్, పంతంగి టోల్‌గేటు, చిట్యాల, నార్కట్‌పల్లి... ఆ తర్వాత వచ్చేది మా కట్టంగూర్. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. చాలామందికి మా ఊరు బస్సు కిటికీలోంచి కనిపించే ఒక బోర్డు, అంతే. సూర్యాపేటలో టీకి ఆగేదాకా కళ్లు మూసుకునే వాళ్లకు ఆ బోర్డు కూడా కనిపించదు.

కానీ ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో సాయంత్రం పూట వెళ్తే మాత్రం కళ్లు తెరవక తప్పదు. యాసంగి కోతలైన పొలాల్లో గడ్డికి అగ్గి పెడతారు. ఏసీ బస్సులో కూర్చున్నా కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. పక్క సీట్లో కూర్చున్నాయన "ఏంటీ పొగ?" అని ఫోన్ తీసి వీడియో తీస్తాడు. అది మా ఊరి పొగే.

ఈసారి నేను ఊరికి వెళ్లింది కూడా ఆ పొగ గురించే. బాబాయ్ కొడుకు, అంటే మా తమ్ముడు, బుధవారం ఫోన్ చేశాడు.

"అక్కా, ఆదివారం జర ఇంటికి రా. బాపుకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే ఇంటలేడు."

"ఏం చెప్పాల్రా?"

"గడ్డి కాలవెట్టొద్దని. ఇంకోటి... బేలర్ కొంటనని. లోన్ తీసుకుంట."

బేలర్ అంటే ట్రాక్టర్‌కు తగిలించి, పొలంలో పడి ఉన్న గడ్డిని చుట్టలుగా కట్టే మిషన్. దాన్ని కొని ఊరూరూ తిరిగి గడ్డి కట్టి, బయోమాస్ ప్లాంట్లకు అమ్ముతానని వాడి ప్లాన్. యూట్యూబ్‌లో ఎవరో "చెత్త నుంచి లక్షలు" అని వీడియో పెట్టారట. నేను హైదరాబాద్‌లో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. ఇంట్లో ఎవరికి లోన్ కావాలన్నా పంచాయితీ నా దగ్గరికే వస్తుంది.

రెండు రూపాయల అగ్గిపెట్టె

బస్సు దిగేసరికి తమ్ముడు బండి మీద వచ్చి ఉన్నాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా పొలానికి తీసుకెళ్లాడు. మూడెకరాలు. కోత మిషన్ వచ్చిపోయి రెండు రోజులైంది. మోకాలికి కొంచెం కింద దాకా కొయ్యకాళ్లు, మధ్యలో మిషన్ వదిలిన గడ్డి వరసలు. బాబాయ్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? నీ తమ్ముడు నన్ను జైలుకు పంపేటట్టున్నడు. గడ్డికి అగ్గి వెడితే కేసంట."

"కేసు సంగతి తర్వాత బాబాయ్. ఎందుకు కాల్చాలంటావ్?"

బాబాయ్ చెప్పిన కారణాలు వింటే ఆయన్ను తప్పుపట్టలేం. ఒకప్పుడు కూలీలు కొడవళ్లతో కోసేవాళ్లు. గడ్డి మోపులు కట్టి, వాము వేసి, ఏడాది పొడుగునా ఎడ్లకు, బర్రెలకు వేసేవాళ్లు. ఇప్పుడు ఎడ్లు లేవు. ఉన్న ఒక్క బర్రెకు ఎంత గడ్డి కావాలి? కోత మిషన్ గడ్డిని తొక్కి, చిందరవందర చేసి పోతుంది. దున్నుదామంటే రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటుంది. కూలీలను పెట్టి ఏరిద్దామంటే ఆ గడ్డి ధర కంటే కూలే ఎక్కువ. వానాకాలం నారు పోసే నాటికి పొలం తయారు కావాలి.

"అగ్గిపెట్టె రెండు రూపాయలు. మూడెకరాలు ఒక్క పుల్లకు సాఫ్. దీనికన్న సస్త మిషన్ ఉంటే చూపియ్ బిడ్డా" అన్నాడు.

నిజానికి ఆ అగ్గిపుల్ల అంత సస్తా కాదు. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయని వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం గాల్లో కలుస్తుంది. భాస్వరంలో నాలుగో వంతు, పొటాష్‌లో ఐదో వంతు పోతాయి. ఎకరానికి టన్నున్నర గడ్డి అనుకుంటే, ఎనిమిది కిలోల నత్రజని పొగైపోయినట్టు. అంటే పద్దెనిమిది కిలోల యూరియా. నేల పైపొర వేడెక్కి, అందులోని సూక్ష్మజీవులు చావడం దీనికి అదనం.

తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "సూసినవా బాపు? అందుకే అమ్ముదామంటున్న."

"కొనేటోడు ఏడున్నడ్రా?" అన్నాడు బాబాయ్.

ఆ రాత్రంతా నాకు ఆ ప్రశ్నే తిరిగింది.

పెరట్లో ఆగిపోయిన గోబర్ గ్యాస్

మా ఇంటి పెరట్లో ఒక గుండ్రటి గుంత ఉంది. ఇప్పుడు దాంట్లో పాత టైర్లు, విరిగిన కుర్చీ పడేశారు. నా చిన్నప్పటి గోబర్ గ్యాస్ అది. బయోమాస్ శక్తి అనే పెద్ద మాట మా ఇంటికి ముందే వచ్చిపోయింది, మేమే గుర్తుపట్టలేదు.

దాని లెక్క చాలా సింపుల్. రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు యాభై కిలోల పేడ కావాలి. ఒక్కో పశువు పది కిలోలు అనుకుంటే ఐదు పశువులుండాలి. ఒక ఘనపు మీటరు గ్యాస్ దాదాపు 0.43 కిలోల ఎల్పీజీతో సమానం. అంటే ఐదు పశువుల పేడతో పదహారు పదిహేడు రోజులకొక సిలిండర్ వచ్చినట్టు. పైగా బయటికొచ్చే పేడనీళ్లు మళ్లీ పొలానికి ఎరువే. నలుగురైదుగురున్న ఇంటికి వంట గడిచిపోతుంది.

మరి ఎందుకు ఆగింది? నాయనమ్మను అడిగితే ఒకటే మాట: "పసులు పాయె, గ్యాసు పాయె." ట్రాక్టర్ వచ్చాక ఎడ్లను అమ్మేశారు. రోజూ పేడ ఎత్తి, నీళ్లు కలిపి పోసే పని నాయనమ్మది, అమ్మది. వాళ్ల కష్టానికి ఎవరూ రేటు కట్టలేదు కాబట్టే ఆ గ్యాస్ ఫ్రీగా అనిపించింది.

అంతకు ముందు కట్టెల పొయ్యి. పత్తి కట్టె, తుమ్మ మొద్దులు, పిడకలు. అదీ బయోమాసే, ప్రపంచంలో అన్నిటికంటే పాతది. నాయనమ్మ ఇప్పటికీ కళ్లు నులుముకుంటూనే మాట్లాడుతుంది. ఇంట్లో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ కట్టెలకు డబ్బు కట్టలేదు. ధర మాత్రం ఊపిరితిత్తులు కట్టాయి.

ఇక్కడే నాకు ఒక విషయం అర్థం కావడం మొదలైంది. బయోమాస్‌లో ఏదీ ఊరికే రాదు. ఎవరో ఒకరు ఏరాలి, మోయాలి, ఎత్తి పోయాలి. ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందన్నదే అసలు లెక్క.

మిర్యాలగూడ: ఊక దొరికే ఊరు

మర్నాడు పొద్దున్నే తమ్ముడు, నేను బండి మీద మిర్యాలగూడ బయల్దేరాం. కొనేటోడు ఎక్కడున్నాడో చూద్దామని. నార్కట్‌పల్లి దాకా వెనక్కి వచ్చి అద్దంకి రోడ్డు ఎక్కాలి. నల్లగొండ పక్క నుంచి, తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే నేల దగ్గరపడే కొద్దీ రోడ్డు పక్కన చెట్లు పచ్చబడతాయి. మా వైపు బత్తాయి తోటలు, పత్తి చేన్లు చూసిన కంటికి అది వేరే జిల్లాలాగా ఉంటుంది.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. దేశంలోనే పేరున్న మిల్లుల ఊరు ఇది. తమ్ముడి దోస్తు ఒక మిల్లులో పనిచేస్తాడు. వాడు మమ్మల్ని వెనక వైపు బాయిలర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

యాసంగి వడ్లను మామూలుగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది. ఎండలకు గింజ లోపలే పగుళ్లిస్తుంది. అందుకే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి అప్పుడు ఆడిస్తారు. అదే ఉప్పుడు బియ్యం, అంటే బాయిల్డ్ రైస్. 2021, 2022లో ఢిల్లీకి, హైదరాబాద్‌కు మధ్య జరిగిన వడ్ల లొల్లి గుర్తుందా? ఆ గొడవంతా ఈ బియ్యం గురించే. ఆవిరి కోసం ఇక్కడ బొగ్గు కొనరు. వడ్ల నుంచి ఊడిన ఊకనే కాలుస్తారు. మా వైపు దాన్ని ఉనుక అంటారు.

క్వింటాల్ వడ్లు ఆడితే దాదాపు 67 కిలోల బియ్యం, 20 కిలోల ఊక వస్తాయి. మిగిలింది తవుడు, నూక వగైరా. కిలో ఊకలో మూడు వేల కిలోకేలరీల పైన వేడి ఉంటుంది. నాసిరకం బొగ్గుకు అటూ ఇటుగా సమానం. తేడా ఏంటంటే ఈ ఇంధనం కోసం మిల్లు వాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. రైతు వడ్లతో పాటే ఊక కూడా లారీలో వచ్చింది. దాన్ని తెచ్చిన కిరాయి వడ్ల ఖాతాలో ఎప్పుడో కలిసిపోయింది.

"ఊక మిగిలితే ఏం చేస్తరు?" అని అడిగింది తమ్ముడు.

"మిగుల్తదా? ఇటుక బట్టీలోళ్లు, ఫ్యాక్టరీలోళ్లు లారీలు తెచ్చి కొంటరు. గప్పట్ల ఊక పారబోస్తుండెనట. ఇప్పుడు అడుగుతె రేటు చెప్తరు" అన్నాడు దోస్తు.

పక్కన నల్లటి బూడిద కుప్ప. ఊక కాలితే బరువులో దాదాపు ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా. సిమెంట్‌లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో వాడుకోవచ్చు. సరిగ్గా పట్టుకోకపోతే గాలికి లేచి ఇళ్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఊక కాల్చే ప్రతిచోటా ఈ ఖర్చు ఉంటుంది. ఇది బిల్లులో కనిపించదు.

ఊకతో కరెంటు: పాత కథ

టీ కొట్టు దగ్గర కూర్చున్నాక తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు. "ఊకతోని కరెంటు తీస్తరు కదక్కా. గడ్డితోని ఎందుకు తియ్యరు?"

తీశారు, తీయాలని చూశారు. ఈ కథ చాలామందికి తెలీదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర, 2000ల మొదట్లో బయోమాస్ కరెంటు ప్లాంట్లు వరసగా వచ్చాయి. చాలావరకు ఆరు మెగావాట్లు, అటూ ఇటూ. ఊక, సర్కారు తుమ్మ, పంట చెత్త కాల్చి కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్మాలి. అప్పట్లో కేంద్రం చెప్పిన రేటు యూనిట్‌కు 2.25 రూపాయలు, 1994-95 ఆధార సంవత్సరంగా ఏటా 5 శాతం పెంపు. 2004 మార్చిలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ రేట్లను మార్చింది. ప్లాంట్ల యజమానులు ఒప్పుకోలేదు. కేసులు పడ్డాయి. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2010లో తీర్పు వచ్చింది.

కోర్టులో గొడవ రేటు గురించి. పొయ్యి దగ్గర గొడవ మాత్రం ఇంధనం గురించి. ప్లాంట్లు రాకముందు ఊక దాదాపు చెత్త. వచ్చాక అందరికీ కావాల్సిన సరుకు. యూనిట్ కరెంటుకు సుమారు 1.3 కిలోల ఊక కావాలి. ఊక టన్ను వెయ్యి రూపాయలుంటే యూనిట్‌కు ఇంధనం ఖర్చు 1.30. అదే మూడు వేలైతే 3.90. కరెంటు అమ్మే రేటు కాగితం మీద కట్టేసి ఉంటుంది. ఊక రేటు మార్కెట్‌లో ఎగురుతూ ఉంటుంది. మధ్యలో ప్లాంట్ నలిగిపోయింది. చాలా ప్లాంట్లు ఏడాదంతా నడవలేకపోయాయి, కొన్ని మూతబడ్డాయి.

ఎంత ఊక కావాలో చూడండి. ఆరు మెగావాట్ల ప్లాంట్ రోజంతా పూర్తిగా నడిస్తే 1.44 లక్షల యూనిట్లు. దానికి 187 టన్నుల ఊక. ఎకరానికి పాతిక క్వింటాళ్ల వడ్లు పండితే వచ్చేది అర టన్ను ఊక. అంటే ఒక్క రోజుకు 370 ఎకరాల ఊక ఆ పొయ్యిలోకి పోవాలి. ఇంకోలా చెప్తే, మా బాబాయ్ ఎకరం పొలం ఊకతో నాలుగు వందల యూనిట్లు కూడా రావు. గృహజ్యోతి పథకంలో ఒక ఇంటికి నెలకు ఫ్రీగా ఇచ్చేది 200 యూనిట్ల దాకా. ఎకరం ఊక రెండు నెలల జీరో బిల్లుతో సరి.

బిహార్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. 2007లో పశ్చిమ చంపారన్ జిల్లా తమ్‌కుహా ఊళ్లో హస్క్ పవర్ సిస్టమ్స్ అనే సంస్థ ఊకను గ్యాస్‌గా మార్చి, ఆ గ్యాస్‌తో ఇంజన్ తిప్పి, ఊరికి కరెంటు ఇచ్చింది. గ్రిడ్ లేని పల్లెలకు అది పెద్ద విషయం. ఆ తర్వాత సోలార్ చవకయ్యాక వాళ్లు కూడా సోలార్ వైపు మళ్లారు. మన దేశంలో 2017 వేలంలోనే సోలార్ కరెంటు యూనిట్ 2.44 రూపాయలకు దిగింది. సూర్యుడు లారీ కిరాయి అడగడు.

ఫోన్‌లో ఎక్సెల్ షీట్

సరే, ఇప్పుడు గడ్డి. టీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్‌లో ఎక్సెల్ తెరిచాను. తమ్ముడు తాను విన్న రేట్లు చెప్పాడు. అవి ఊరూరికీ మారతాయి కాబట్టి లెక్క కోసం ఇలా అనుకున్నాం.

ఒక్కో చుట్ట ఇరవై కిలోలు. కట్టినందుకు ముప్పై రూపాయలు. అంటే రైతుకు గడ్డి ధర ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, పొలంలోనే టన్నుకు 1,500 రూపాయలు ఖర్చైపోయింది. ఎత్తడం, దించడం, యాభై కిలోమీటర్ల లారీ కిరాయి కలిపి ఇంకో 600 అనుకుందాం. మొత్తం 2,100. యూనిట్‌కు 1.3 కిలోల లెక్కన చూస్తే ఇంధనానికే 2.73 రూపాయలు. సోలార్ వాడు మొత్తం కరెంటునే అంతకంటే తక్కువకు ఇస్తున్నాడు. ఇక ప్లాంట్ అప్పు, జీతాలు, మరమ్మతులు, రైతుకిచ్చే పైసలు ఎక్కడి నుంచి రావాలి?

పైగా వరిగడ్డి బాయిలర్‌కు అంత మంచిది కాదు. అందులోని పొటాష్, సిలికా వేడికి కరిగి, గట్టిపడి, గొట్టాలకు గడ్డలుగా అంటుకుంటాయి. వదులుగా ఉన్న గడ్డి ఘనపు మీటరుకు యాభై నుంచి ఎనభై కిలోలే తూగుతుంది. బొగ్గయితే సుమారు ఎనిమిది వందల కిలోలు. గడ్డి లారీ అంటే సగం గాలిని మోస్తున్నట్టే.

తమ్ముడి ముఖం చిన్నబోయింది. "మరి బేలర్?"

బేలర్ లెక్క వేరు. నాలుగు లక్షల లోన్, పన్నెండు శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు తొమ్మిది వేల కిస్తీ. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. చుట్టకు ముప్పై వస్తే డీజిల్, తాడు, ఇద్దరు మనుషులు, రిపేర్లకు పద్దెనిమిది పోయి పన్నెండు మిగిలిందనుకుందాం. రోజుకు మూడు వందల చుట్టలు కడితే 3,600. కిస్తీ కట్టడానికే ఏడాదికి ముప్పై రోజులు మిషన్ ఆగకుండా తిరగాలి. ముప్పై ఒకటో రోజు నుంచి వాడి జీతం.

"ముప్పై రోజులేనా? రెండు సీజన్లు ఉన్నయ్ కదా" అన్నాడు.

ఉన్నాయి. కానీ వానాకాలం కోతలప్పుడు మడి తడిగా ఉంటుంది, మంచు పడుతుంది. తడి గడ్డి కడితే బూజు పడుతుంది. యాసంగిలో కోతకు, అగ్గిపుల్లకు మధ్య దొరికేది కొద్ది రోజులే. ఒక్క అకాల వాన వస్తే గడ్డి నల్లబడుతుంది. చుట్టుపక్కల ఇంకో ఇద్దరు బేలర్లు కొంటే రేటు పడిపోతుంది.

అయితే వాడి ప్లాన్ పూర్తిగా తప్పు కాదు. గడ్డికి కొనేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు కరెంటు ప్లాంట్ వాళ్లు కాదు, పాడి రైతులు. ఎండాకాలం మేత దొరకని ఊళ్లకు, హైదరాబాద్ చుట్టూ ఉన్న డెయిరీలకు గడ్డి పోతుంది. మేతగా వచ్చే ధర ఇంధనంగా ఎప్పుడూ రాదు. బర్రె పాలిస్తుంది, బాయిలర్ ఇవ్వదు.

మరి బయోమాస్ దండగేనా?

అలా కూడా అనలేం. 2024 వానాకాలంలో తెలంగాణలో కోటీ 53 లక్షల టన్నుల వడ్లు పండాయని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అన్నీ మిల్లాడితే ముప్పై లక్షల టన్నుల ఊక. గడ్డి తక్కువలో తక్కువ వడ్లంత బరువుంటుంది. ఇంత సరుకును వదిలేయలేం.

ఎక్కడ పనికొస్తుందో చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. మిల్లులో ఊక పనికొస్తోంది, ఎందుకంటే అది అక్కడే ఊడుతుంది, అక్కడే కాలుతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట గ్యాస్ తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఐఐసీటీ టెక్నాలజీ అది. అక్కడ కూడా చెత్త తనంతట తానే మార్కెట్‌కు చేరింది. ఎటూ ఎత్తి పారబోయడానికి ఖర్చు పెట్టాల్సిందే, ఆ ఖర్చు తప్పింది. పెరట్లో గోబర్ గ్యాస్ కూడా అంతే, కొట్టంలో పశువులున్నంత కాలం.

పొలంలో పరుచుకుని ఉన్న గడ్డి, పత్తి కట్టె అలా కాదు. వాటిని పోగు చేయడమే అసలు ఖర్చు. అయినా పత్తి కట్టెకు ఇంకో లాభం ఉంది. చేన్లో వదిలేస్తే గులాబీ రంగు పురుగు వాటిలోనే దాగి, వచ్చే ఏటికి తయారుగా ఉంటుంది. తీసేస్తే ఆ మేరకు మందు ఖర్చు తగ్గుతుంది. కాబట్టి పత్తి కట్టెను కట్టెగా కాకుండా పురుగు మందుగా కూడా లెక్కేయాలి.

మిర్యాలగూడ నుంచి ఇంకొంచెం ముందుకు పోతే దామరచర్ల మండలం వీర్లపాలెం. నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ పవర్ స్టేషన్ అక్కడే. బొగ్గు ప్లాంట్లలో 5 శాతం బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలని 2021 అక్టోబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది. యాదాద్రి లాంటి ప్లాంట్ పూర్తి లోడు మీద నడిస్తే, యూనిట్‌కు 0.6 కిలోల లెక్కన రోజుకు యాభై వేల టన్నుల పైనే బొగ్గు కావాలి. అందులో 5 శాతం అంటే 2,500 టన్నులు. టన్నున్నర చొప్పున 1,600 ఎకరాల పైన గడ్డి, ఒక్క రోజుకు! అలాంటి గిరాకీ నిజంగా వచ్చి, రేటు ఒప్పందం చేతికొస్తే తమ్ముడి లెక్క మారిపోతుంది. ఊళ్లో పని పుడుతుంది, కట్టేవాడికి, ఎత్తేవాడికి, బండి తోలేవాడికి. అప్పుడు కూడా అడగాల్సింది ఒకటుంది. ఆ రేటులో రైతుకు ఎంత?

ఎందుకంటే గడ్డి అమ్మితే పొలం నుంచి పొటాష్ కూడా పోతుంది. ఎకరానికి టన్నున్నర గడ్డిలో 37 కిలోలు. అది తిరిగి పోయాలంటే యాభై కిలోల పొటాష్ బస్తా ఒకటి చాలదు. బస్తా పదిహేను వందల పైమాటే. ఎకరం గడ్డికి అంతకంటే తక్కువ ఇస్తే, కొన్నవాడు గడ్డి కాదు, మన నేలను కొంచెం కొంచెంగా పట్టుకెళ్తున్నట్టు.

చివరికి ఏం చేశాం?

సాయంత్రానికి కట్టంగూర్ చేరాం. గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. ఎక్సెల్ షీట్ బాబాయ్‌కి చూపిస్తే "అద్దాలు లేవు బిడ్డా, నోటితోని చెప్పు" అన్నాడు. చెప్పాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తమ్ముడి వైపు చూసి, "మిషన్ కిరాయికి దొరుకుతదా?" అన్నాడు.

ఈ ఏడు లోన్ వద్దనుకున్నాం. పక్క ఊళ్లో ఉన్న బేలర్‌ను కిరాయికి పిలిచి మా మూడెకరాలు, చుట్టూ ఉన్న ముగ్గురివి కలిపి ఒకేసారి కట్టించాలి. అందరి పొలాలూ ఒకచోట ఉంటే మిషన్ వాడికి తిరుగుడు తగ్గుతుంది, మాకు రేటు తగ్గుతుంది. చుట్టలు పాడి రైతులకు అమ్మే పని తమ్ముడిది. ఈ సీజన్‌లో ఎన్ని రోజులు పని దొరికింది, చుట్టకు నిజంగా ఎంత మిగిలింది, అన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. ముప్పై రోజులు దాటితే వచ్చే ఏడు బ్యాంకుకు నేనే వెంట వస్తానని మాటిచ్చాను.

మిగిలిన కొయ్యకాళ్లను కాల్చకుండా, నీళ్లు పెట్టి, ఎకరానికి బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నాలి. వ్యవసాయ అధికారులు చెప్పే పద్ధతే ఇది. కొయ్యలు తొందరగా మురుగుతాయి. బాబాయ్ దీనికి సగం మనసుతోనే ఒప్పుకున్నాడు. "ఒక్క ఎకరంల చేసి చూస్త. మంచిగుంటె మల్ల చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క ఎకరమే చాలనిపించింది నాకు.

రాత్రి ఎనిమిదింటి బస్సు కోసం రోడ్డు మీదికొచ్చాం. మా పొలానికి రెండు మడులు అవతల ఎవరో అగ్గి పెట్టారు. మంట గట్ల వెంట ఎర్రగా పాకుతోంది. పొగ హైవే మీదికి వస్తోంది. కార్లు లైట్లు వేసుకుని, నెమ్మదించి దాటుతున్నాయి.

"వాళ్లకు కూడా చెప్తవా?" అని అడిగాను.

"ఇప్పుడే కాదక్కా. ముందుగాల్ల నా నోట్‌బుక్‌ల లెక్క తేలనియ్" అన్నాడు తమ్ముడు.

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఫోన్ మోగింది. వాడి నుంచి వాట్సాప్ మెసేజ్. బేలర్ ఆయన నంబర్ దొరికింది, గురువారం వస్తానన్నాడట. కింద ఇంకో లైన్: చుట్టకు ముప్పై రెండు అడుగుతున్నాడు, ఇరవై ఎనిమిదికి మాట్లాడుతున్నా.